ఆలూరు బస్సు కాడి మడత రొట్టె

మా పాప కుసుమ కాలి కడియం గడప దగ్గర ఊడిపడి ఉంది. పిల్ల ఏమీ ఎరగనట్టు వసారాలో కూర్చుని చీమల బారు చూస్తోంది. కడియం తీసుకుని మళ్ళీ తొడిగాను. మడమ మీదుగా అది ఇట్టే జారి నా చేతిలోకి వచ్చేసింది. జ్వరం రాకముందు అదే కడియం తీయాలంటే సబ్బు నురుగు పూసి, పిల్ల ఏడుస్తుంటే అటూ ఇటూ తిప్పి లాగవలసి వచ్చేది. దాన్ని కొంగున ముడివేసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త కంగారుపడుతుంది, మా ఇంటాయన కంగారుపడనట్టు నటిస్తాడు. ఆ రెండూ చూసే ఓపిక నాకు లేదు.

అది విషజ్వరం. మూడు వారాలు పిల్లను పిండి వదిలింది. జ్వరం తగ్గింది గానీ ఆకలి రాలేదు. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు. "ఇంక మందుతో పని లేదమ్మా, తిండితోనే పని. తినిపియ్యండి," అన్నాడు. తినిపించడం అంత సులభమైతే ఆయన దగ్గరికి ఎందుకు పోతాను? పాలన్నం కలిపాను, చారన్నం కలిపాను, రాగి జావ కాచాను, నెయ్యీ బెల్లమూ వేసి సంగటి ముద్ద చేశాను. పిల్ల ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకునేది. ఎంతసేపైనా అది అక్కడే ఉండేది. రెండో ముద్ద పెడితే చేత్తో నా నోటి వైపు తోసేది. "నాకొద్దు తల్లీ, నువ్వు తిను," అని నేను మొహం తిప్పుకునేదాన్ని. అది మొండితనం అనుకున్నాను. రోజుకు నాలుగు పూటలు ఇదే యుద్ధం. ఓడిపోయి కంచం కడిగేటప్పుడు కళ్ళనీళ్ళు ఆగేవి కావు.

"శనివారం ఒక్కపొద్దు ఉండు సరోజా," అంది అత్త ఒకరోజు. "బిడ్డ తింటాంది అనేదాకా వెంకటరమణస్వామికి మొక్కుకో. తల్లి కడుపు మాడితే ఆయప్ప సూడకుండా పోడు." ఒక్కపొద్దు అంటే పగలంతా పస్తుండి రాత్రి ఒక్క పూట తినడం. బి.ఏ. చదివినదాన్ని, ఇలాంటివి నమ్ముతానా అని ఆలోచించే స్థితిలో నేను లేను. శనివారం మొక్కుకున్నాను. పిల్ల తినలేదు. గురువారం కూడా కలిపాను. అయినా తినలేదు. తరువాత ఎవరూ చెప్పకుండానే సోమవారం కలిపాను. మిగిలిన రోజుల్లో కూడా నేను తినేది అందరి భోజనాలూ అయ్యాక, పిల్లను నిద్రపుచ్చి, వంటిల్లు అలికి, పొయ్యి పక్కన కూర్చుని. అది కొత్తేమీ కాదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు తినే వేళ అదే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, పిల్ల ముద్దను బుగ్గన దాచుకుని నన్ను చూస్తుంటే, నాకు హఠాత్తుగా ఆలూరు బస్సు కాడ తిన్న మడత రొట్టె గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు నేనూ తిండికి పేచీ పెట్టినదాన్నే. కానీ ఆ రొట్టెకు ఎన్నడూ వద్దనలేదు. అది దొరికితే కుసుమ తింటుంది అని మనసులో ఒక నమ్మకం పడింది. మునిగేవాడికి గడ్డిపోచ అంటారే, అలాంటి నమ్మకం.

మాది ఆలూరు. ఎర్రనేల కొంత, నల్లనేల కొంత, వానకు మొహం వాచిన ఊరు. ఆరో తరగతి నుంచి నన్ను ఆదోనిలో మా పిన్నమ్మ ఇంట్లో ఉంచి చదివించారు. శనివారం ఇంటికి రావడం, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కడం. బస్సు దాకా తోడు వచ్చేది అమ్మ. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఇనుప పీపా లాంటి పొయ్యి ఉండేది. క్లీనరు దాని పక్కనున్న పిడి పట్టుకుని ఒళ్ళంతా చెమటలు కారేలా తిప్పితే, బొగ్గు రాజుకుని, పొగ చిమ్మి, ఎప్పటికో ఇంజను దగ్గేది. ఏడు గంటల బస్సు తొమ్మిదికి కదిలితే ఆ రోజు మంచి రోజు. ఆ రెండు గంటలూ అమ్మా నేనూ హుసేనమ్మ అంగడి పక్కనున్న బండ మీద కూర్చునేవాళ్ళం. అంగడి అంటే కప్పు కూడా లేదు. మూడు రాళ్ళు, పత్తికట్టె మంట, ఒక నల్లని పెనం, పక్కన నూనె బాణలి. హుసేనమ్మ దూదేకులామె. లావుపాటి మనిషి, చేతులనిండా పచ్చగాజులు. జొన్నపిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ తడితే గాజులు గలగలమనేవి, రొట్టె విస్తరాకంత అయ్యేది. పెనం మీద కాలి పొంగగానే తీసి, వేడి మీదనే చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పూసేది. ఎర్రగడ్డను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది ఉల్లి పొరలు పరిచేది. అప్పుడే బాణలి నుంచి తీసిన మిరపకాయ బజ్జీని మధ్యలో పెట్టి, అరచేత్తో అదిమి, రొట్టెను సగానికి మడిచి మోదుగాకులో చుట్టి ఇచ్చేది. కాలిన జొన్న వాసన, బజ్జీ నూనె వాసన, బస్సు బొగ్గు వాసన, మూడూ కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి.

మేము కొనేది ఒక్కటే. అమ్మ దాన్ని రెండుగా తుంచేది. దారిన పోయేవాళ్ళకు కనబడకుండా గోడవైపు తిరిగి, కొంగు చాటు చేసుకుని తన సగం తినేది. రెడ్ల ఇంటి ఆడమనిషి బజార్లో కూర్చుని, అందులోనూ దూదేకులామె చేతి రొట్టె తినడం మా నాయనకు తెలిస్తే ఇంట్లో అరుపులే. హుసేనమ్మకు అది వేడుకగా ఉండేది. "తిను రెడ్డెమ్మా, సిగ్గెందుకు? ఆ బస్సు సూడు, నడిబజార్లో నిలబడి తట్టెడు బొగ్గు తింటాండాది. దానికి లేని సిగ్గు నీకేమి?" అనేది. అమ్మ నోటినిండా రొట్టెతో నవ్వి, పొరబోయి, దగ్గి, కళ్ళు తుడుచుకునేది. బజ్జీలోని మిరపకాయ కారమైతే దాన్ని తను తీసుకుని, పైనున్న శనగపిండి నాకు వదిలేది.

ఆ రొట్టె కోసం రాజంపేటలో వెతకడం మొదలుపెట్టాను. కర్నూలు రాజధాని అయిన ఏడే నాకు పెళ్ళయింది. అప్పటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నా, నాకు ఎప్పుడూ దాని కోసం వెతకాలని అనిపించలేదు. ఇది వరి అన్నమూ రాగి సంగటీ తినే ఊరు. మా ఇంటాయన హైస్కూల్లో అయ్యవారు. సాయంత్రం వస్తూ స్టేషను దగ్గరి హోటల్లో అడిగి రమ్మని ఖాళీ టిఫిను గిన్నె ఇచ్చాను. ఖాళీ గిన్నెతోనే తిరిగి వచ్చాడు.

"జొన్నరొట్టె అంటే హోటలాయన నన్ను పైనుంచి కిందికి సూసినాడు," అన్నాడు. "'అయ్యవారూ, జీతాలు రాలేదా?' అని అడిగినాడు."

నాకు నవ్వు రాలేదు. "పోనీ జొన్నలైనా తెప్పించండి," అన్నాను.

"సరోజా, నువ్విట్ల బెదిరితే పాప ఇంగా బెదురుతాది. నిదానంగా ఉండు."

నిదానంగా ఉండమని చెప్పడం ఎంత తేలిక! అయినా ఆయన ఊరుకోలేదు. జమ్మలమడుగు నుంచి వచ్చే తోటి అయ్యవారితో చెప్పి రెండు పడుల తెల్ల జొన్నలు తెప్పించాడు. విసుర్రాయి కడిగి ఆ రాత్రే విసిరాను. తెల్లవారి ఊరిబిండి నూరాను, బజ్జీ వేశాను, రొట్టె తట్టడానికి కూర్చున్నాను. గోధుమపిండి కలిపినట్టు చన్నీళ్ళు పోసి కలిపాను. చేతిలోకి తీసుకుని తట్టబోతే ఎండిన చెరువు నేల మాదిరి నెర్రెలు విచ్చింది. కూడదీసి మళ్ళీ తట్టాను. పెనం మీదకు చేరేసరికి మూడు ముక్కలు. ఆలూరులో పుట్టిన ఏ ఆడపిల్లకైనా చెయ్యి తిరిగే పని అది. నేను మాత్రం పదేళ్ళ వయసు నుంచి చదువుల పేరుతో ఊళ్ళు తిరిగి, పొయ్యి ముందు కూర్చుని నేర్చుకోలేదు. నేర్పవలసిన అమ్మ నా కాలేజీ చదువు ముగియకముందే పోయింది.

అత్త పెనంలోకి తొంగిచూసింది. "బి.ఏ. రొట్టె గదా, ఒకటి పెడితే మూడయింది. లెక్కల్లో నువ్వు శానా గట్టిదానివి," అంది. పిల్ల ఒక ముక్క పట్టుకుని చూసి, మెల్లగా నేల మీద పెట్టింది.

ఊరి బయట రైలు గేటు దగ్గర రోడ్డుకు కంకర కొట్టే కూలీలు దిగారని తెలిసింది ఆ వారంలోనే. డాక్టరు దగ్గర నుంచి పిల్లను ఎత్తుకుని వస్తుంటే, "దుడ్లు ఎప్పుడిస్తాడంటనో ఆయప్ప!" అని ఒక ఆడగొంతు వినబడింది. కాళ్ళు ఆగిపోయాయి. దుడ్లు అనే మాట నా చెవిన పడి ఎన్నేళ్ళయిందో! ఈ పక్క డబ్బులనో రూకలనో అంటారు. తిరిగి చూస్తే నల్లగా సన్నగా ఉన్న ఒకామె చేతిలో సుత్తి, పక్కన కంకర కుప్ప, చెట్టు కొమ్మకు వేలాడే ఉయ్యాలలో పసిబిడ్డ.

"యా ఊరమ్మా మీది?" అని అడిగాను. నా నోట నా ఊరి యాస అదంతట అదే వచ్చింది.

"కోసిగి దాపున తల్లీ. వానల్లేవు, పన్లేదు, ఇట్ల వచ్చినాం. నీదీ?"

"ఆలూరు."

"ఓయమ్మా, ఆలూరా!" అని సుత్తి కింద పడేసింది. పేరు ఎస్తేరమ్మ. వాళ్ళ ఊళ్ళో చర్చి పక్కనే వాళ్ళ ఇల్లు. రొట్టె సంగతి చెప్పగానే పకపకా నవ్వింది. "చన్నీళ్ళు పోసినావా? అయ్యో, జొన్నపిండికి ఎసరు పొయ్యల్ల తల్లీ! కాగిన నీళ్ళతో కలిపి, వేడి ఆరకముందే మర్దించల్ల. పిండి పట్టుకోని రా, తట్టిస్తా. మధ్యానం కూటికి ఎట్లాగూ మాకు తట్టేదే గదా."

శనివారం మధ్యాహ్నం డాక్టరు దగ్గరికని చెప్పి పిల్లతో బయలుదేరాను. చేసంచిలో జొన్నపిండి, ఊరిబిండి గిన్నె, ఆకులో చుట్టిన బజ్జీలు. దారి పొడవునా తలలో అవే ప్రశ్నలు. ఎవరైనా చూస్తే? అత్తకు తెలిస్తే? ఇది కూడా పిల్ల తినకపోతే, ఇంక దేని కోసం వెతకాలి? ఆ చివరి ప్రశ్న మిగిలిన రెంటినీ మింగేసింది.

ఎస్తేరమ్మ ఎసరు పెట్టి, పిండి కలిపి, తట్టింది. రొట్టె గుండ్రంగా, పలచగా, అంచు కూడా చిట్లకుండా వచ్చింది. పెనం మీద చక్కగా పొంగింది. అంతా హుసేనమ్మ చేసినట్టే చేశాను. ఊరిబిండి పూశాను, ఎర్రగడ్డ గుద్దాను, బజ్జీ అదిమాను, మడిచాను. కొస తుంచి నాలుక మీద పెట్టి రుచి చూసే వీలు లేదు, ఒక్కపొద్దు. కారం తీసేసి, మెత్తటి ముక్క తుంచి పిల్ల నోటికి అందించాను. కుసుమ పెదవులు బిగించింది. మళ్ళీ అందించాను. ముక్కను నా చేతిలోంచి లాక్కుని నా నోటి మీదకు తోసింది. ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాను. పిల్ల ముక్కను కంకర మీదికి విసిరేసింది. నాకు దుఃఖం ఆగలేదు. అంతమంది కూలీల మధ్య, పట్టపగలు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఎస్తేరమ్మ తన రొట్టె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంది. తరువాత తినడం మొదలుపెట్టింది. ఉత్త రొట్టె, ఉప్పూ మిరపకాయా నూరిన కారం. బాగా ఆకలిగొన్న మనిషి తిండి అది, దవడలు ఆడుతున్న చప్పుడు నాకు వినబడుతోంది. కుసుమ నా పక్క నుంచి లేచింది. మెల్లగా పోయి ఆమె ముందు గొంతుకూర్చుని, ఆమె నోటినే చూడసాగింది. ఎస్తేరమ్మ తను తింటున్న రొట్టెలోంచి కారం తగలని ముక్క తుంచి చాచింది. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముక్క కోసం చెయ్యి చాచింది.

నేను కదలలేదు. కదిలితే చెడిపోతుందేమో అని భయం.

"నీవు పొద్దున ఏమి తింటివి తల్లీ?" అంది ఎస్తేరమ్మ, నావైపు చూడకుండానే.

"ఏం తినలేదు. ఒక్కపొద్దు. పాప తినాలని మొక్కుకున్నా."

"పాప తినల్లని నీవు పస్తా?" ఆమె నవ్వలేదు ఈసారి. "బిడ్డ అమ్మ నోరు సూసి తింటాది. నీవు ముద్ద పట్టుకోని పోలీసాయన మాదిరి ముందర కుచ్చుంటే దానికెట్ల మింగుడు పడుతాది? రా, ఈడ కుచ్చో. నీవూ ఇంత తిను."

నేను తిన్నాను. శనివారం మధ్యాహ్నం, మొక్కులో ఉండగానే, రైలు గేటు పక్కన, మడత రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. కుసుమ ఎస్తేరమ్మను వదిలి వచ్చి నా మోకాళ్ళకు ఆనుకుని, నా చేతిలోని దాంట్లోంచే తనూ తుంచుకుంది. నేనో ముక్క, తనో ముక్క. మొత్తం సగం రొట్టె తింది. రుచి ఎలా ఉందో నాకు నిజంగా తెలియదు. చెనిక్కాయ కాస్త మాడిందనుకుంటాను.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. అప్పుడు అమ్మ గుర్తుకు వచ్చింది. మా ఇంట్లో అమ్మ అన్నం తింటుండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాయన తిన్నాక, జీతగాళ్ళకు పెట్టాక, మేము తిని ఆడుకోవడానికి పోయాక, ఎప్పుడో తినేది. ఏ కూర మిగిలితే అది. పప్పు ఇష్టమా, పులుసు ఇష్టమా, నాకు తెలియదు. ఆమెకు మిరపకాయ బజ్జీ ఇష్టమని మాత్రం తెలుసు. అదీ బస్సు ఆలస్యమయ్యేది కాబట్టి తెలుసు. అన్నేళ్ళుగా నా నాలుక మీద ఉన్న రుచి ఊరిబిండిదే అనుకున్నాను. మిగిలిన సగం అమ్మ నా పక్కనే కూర్చుని తింటూ ఉండేదని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో! అప్పటి ఆడవాళ్ళకు ఆకలిని దాచుకోవడం ఒక మర్యాద. కాలేజీలో అందరితో కలిసి బల్ల ముందు కూర్చుని తిన్నదాన్ని, పెళ్ళయిన మర్నాటి నుంచీ నేనూ అదే మర్యాద పట్టాను. ఎవరూ బలవంతం కూడా చేయలేదు.

ఆ రాత్రి పిల్ల నుదురు ఎన్నిసార్లు పట్టి చూశానో లెక్కలేదు. మొక్కు తప్పాను. తెల్లవారేసరికి ఒళ్ళు కాలితే అది నా పాపమే. తెల్లవారింది. ఒళ్ళు చల్లగానే ఉంది గానీ కుసుమకు రెండుసార్లు విరేచనమయింది. నాకు ఇంక దాచే ధైర్యం లేకపోయింది. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. డాక్టరు పేరు చెప్పి అబద్ధమాడడం, రైలు గేటు, ఎస్తేరమ్మ చేతి రొట్టె, ఒక్కపొద్దు చెరపడం, అన్నీ.

అత్త కుసుమ పొట్ట తడిమి చూసింది.

"ఎంత తినింది?" అంది.

"సగం రొట్టె."

"సగమా! ఇన్ని వారాలు కడుపు మాడ్చుకున్న బిడ్డకు ఒకేసారి సగం రొట్టె పెడితే విరేచనం కాకేమవుతాది? చదువుకున్నావు గదా, ఆ మాత్రం తెలీదా?" అని తిట్టింది. తిట్టి, లేచి, దానిమ్మ తొక్క ఉడకబెట్టడానికి పోయింది. వంటింటి గడప దగ్గర ఆగి, "ఆమెను పెరట్లోకి పిలువు. పొయ్యి పెట్టిస్తా, నీకు తట్టేది నేర్పిస్తాది. వంటింట్లోకి మాత్రం వద్దు," అంది. ఆ గీత ఆమె దాటలేదు. దాటమని నేనూ అడగలేదు. నా బిడ్డ ఎవరి చేతి ముక్కతో మళ్ళీ తిండి మొదలుపెట్టిందో ఆ మనిషిని పెరట్లోనే నిలబెట్టాము. ఆమె మూడు మధ్యాహ్నాలు వచ్చి నాకు ఎసరు పోయడం, తట్టడం నేర్పింది. కూలీ వద్దంది. పసిబిడ్డకు పాత చీర ఇస్తే తీసుకుంది. కంకర పని అయిపోయి వాళ్ళు ఇంకో ఊరికి కదిలిపోయారు. ఎక్కడికో అడగడం నాకు తోచలేదు.

నేనే కలుపుకున్న సోమ, గురువారాలు వదిలేశాను గానీ, మొక్కుకున్న శనివారం మళ్ళీ వచ్చింది. పొద్దుటి నుంచీ నా చేతులు పని మీద లేవు. తింటే మొక్కు, తినకపోతే పిల్ల. పన్నెండు గంటలకు రొట్టె కాల్చి, మడిచి, పెనం పక్కన పెట్టి అలాగే కూర్చున్నాను. అత్త తలస్నానం చేసి, నామం పెట్టుకుని వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"కంచం పెట్టుకో. పాపతో కలిసి తిను," అంది.

"ఈ రోజు శనివారం అత్తా."

"తెలుసు. మొక్కుకున్నది నువ్వే గానీ మొక్కుకోమన్నది నేను. నా నోటితో చెప్పింది నా కడుపుతో తీరుస్తా. ఆయప్పకు ఈ ఇంట్లో ఎవురో ఒకరు పస్తుండాల, అంతే గదా. ఎవురనేది అంత ఇదిగా సూడడులే."

అరవై ఏళ్ళ మనిషి, పొద్దున ఎనిమిదికే సంగటి ముద్ద పడకపోతే తల తిరుగుతుందనే మనిషి! వద్దని రెండుసార్లు అన్నాను. వినిపించుకోలేదు. కంచం పెట్టుకుని, కుసుమను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రొట్టె రెండుగా తుంచాను. ఆకలితో ఉన్న అత్త ముందు నోరు కదపడానికి నాకు సిగ్గేసింది. గోరంత ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. పిల్ల చూసి, తనూ అంతే గోరంత ముక్క తుంచుకుంది.

"ఏమి సరోజా, పిచ్చుక పిల్ల మాదిరి ఆడింత ఈడింత తుంచుకుంటాండావు?" అత్త గొంతు కరుకుగా లేచింది. "నిన్ను సూసి అదీ అట్లే తింటాంది. పెద్ద తుంట పెట్టుకో. ఊరికేనా నేను పస్తుండేది?"

నేను పెద్ద తుంటే పెట్టుకున్నాను.